దండు తుపాకీ, అడవి వేట: బెంగళూరు తూర్పు అంచు నుంచి ఒక చరిత్ర

సైన్యం వాడి పక్కన పెట్టిన రైఫిల్ వేటగాడి చేతికి చేరడం ప్రపంచంలో చాలా చోట్ల మామూలుగా జరిగిన పరిణామం. రెండు ప్రపంచ యుద్ధాల తరువాత మిగిలిపోయిన లీ-ఎన్‌ఫీల్డ్, మౌజర్ తుపాకులు అమెరికాలోనూ కెనడాలోనూ చవగ్గా అమ్ముడై, జింకనూ ఎలుగుబంటినీ కొట్టే పనిముట్లుగా మారాయి. కెనడా ఉత్తర ప్రాంతాల్లో గస్తీ తిరిగే రేంజర్ల చేతిలో లీ-ఎన్‌ఫీల్డ్ 2010ల దాకా నిలిచే ఉంది. దక్షిణ భారతంలో మాత్రం ఆ దారికి ప్రభుత్వమే కంచె వేసింది. ఇక్కడి అడవుల్లో సైనిక తుపాకీ చరిత్రంతా ఆ కంచెను తప్పించుకు వచ్చిన అడ్డదారుల చరిత్రే, దాన్ని గమనించడానికి బెంగళూరు తూర్పు అంచు అనువైన చోటు.

నేడు సాఫ్ట్‌వేర్ సంస్థలూ అపార్ట్‌మెంట్లూ నిండిన బ్రూక్‌ఫీల్డ్ రెండు పాత లోకాల నడుమ ఉంది. దానికి తూర్పున, 1882లో మైసూరు మహారాజు పదవ చామరాజ ఒడయరు యురేషియన్లకు, అంటే ఐరోపా, భారతీయ రక్తం కలిసిన కుటుంబాలకు, సేద్యం కోసం ఇచ్చిన సుమారు 3,900 ఎకరాల్లో వెలసిన వైట్‌ఫీల్డ్ ఉంది. ఆ వలసకు నాయకత్వం వహించిన డి.ఎస్. వైట్ పేరే ఊరి పేరైంది. పడమర దిక్కున, 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన విమాన కర్మాగారం, నేటి హెచ్.ఏ.ఎల్., ఉంది. దానిని దాటి ఇంకా పడమరకు వెళితే, 1809లో ఏర్పడిన బ్రిటిష్ కంటోన్మెంట్ వస్తుంది. స్థానికులు దానిని ‘దండు’ అనేవారు. దండులో తుపాకులకు కొదవ లేదు, హోసూరు, డెంకణికోట మీదుగా ఒక రోజు ప్రయాణంలో పెద్దపులి తిరిగే అడవులూ ఉన్నాయి. అయినా దండు తుపాకీ నేరుగా ఆ అడవుల్లోకి వెళ్లలేకపోయింది.

దీనికి మూలం 1857 తిరుగుబాటు. అప్పటి ఎన్‌ఫీల్డ్ తుపాకీ ‘రైఫిల్డ్’ రకం, అంటే గొట్టం లోపల మరచుట్ల వంటి గాళ్లు తీసి ఉండడం వల్ల గుండు గిర్రున తిరుగుతూ దూరం వరకు తిన్నగా పోయేది. తిరుగుబాటు అణగిన తరువాత సిపాయిలకు ఇచ్చిన ఎన్‌ఫీల్డులలో ఆ గాళ్లు లేకుండా గొట్టాన్ని నున్నగా చేశారు. తిరిగి రైఫిళ్లు ఇచ్చినప్పుడు కూడా బ్రిటిష్ దళాలకన్నా ఒక తరం వెనుకటివే ఇచ్చేవారు. తెల్ల సైనికుడి చేతికి మార్టీని-హెన్రీ వచ్చేనాటికి సిపాయి స్నైడరుతో, అతడికి లీ-మెట్‌ఫర్డ్ వచ్చేనాటికి సిపాయి మార్టీనితో సరిపెట్టుకోవలసి వచ్చింది. సొంత సైన్యాన్నే ఇంతగా అనుమానించిన ప్రభుత్వం ప్రజల చేతికి సైనిక రైఫిల్ చేరనిస్తుందని ఎవరూ ఆశించలేదు. లిట్టన్ కాలపు 1878 ఆయుధాల చట్టం బ్రిటిష్ ఇండియాలో తుపాకీని లైసెన్సుకు కట్టేసింది.

అసలు మెలిక మాత్రం తుపాకీలో కన్నా తూటాలో ఉంది. వేటగాడి రైఫిల్లో సైన్యపు తూటా పట్టిందంటే, వేట కోసం కొన్న తూటా తిరుగుబాటుదారుడి తుపాకీలోనూ పడుతుంది. దండు నుంచి దొంగిలించిన తూటా వేటగాడికీ పనికివస్తుంది. మార్టీని-హెన్రీ .450 బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వెయ్యింట 450 వంతులు. ఆ తుపాకులు తిరుగుబాటు చేసే తెగల చేతుల్లో పడ్డాయన్న భయంతో 1907లో భారతదేశంలోకి .450 వేట రైఫిళ్లనూ వాటి తూటాలనూ రానివ్వకుండా నిషేధించారు. ఏనుగునూ అడవిదున్ననూ పడగొట్టడానికి అప్పట్లో పేరున్న బోరు అదే కావడంతో, లండన్ తుపాకీ తయారీదారులు నిషేధం అంచును కాస్త దాటి .465, .470, .475, .476 వంటి కొత్త బోర్లను రూపొందించారు. ప్రపంచ ప్రసిద్ధమైన ఈ పెద్ద బోర్ల వెనుక ఉన్నది అడవి అవసరం కన్నా భారత ప్రభుత్వపు భయమే ఎక్కువ. ఆ భయం పూర్తిగా నిరాధారమేమీ కాదని 1922 ఆగస్టులో మన్యం నిరూపించింది: అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా మూడు రోజులు దాడి చేసినప్పుడు ఆయన వెదికినవి తుపాకులూ వాటికి సరిపడే తూటాలే.

ఇదే లెక్కన జనం ‘త్రీ నాట్ త్రీ’ అని పిలిచే .303 లీ-ఎన్‌ఫీల్డ్ కూడా పౌరుడికి నిషేధమైంది. కాలం చెల్లిన సైనిక తుపాకులను పోలీసులకూ కాపలాదారులకూ ఇవ్వవలసి వచ్చినప్పుడు, బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాటిని ముందు సగం నిర్వీర్యం చేసేది. గాళ్లున్న గొట్టం పోయి .410 బోరు నున్నని గొట్టం వచ్చేది; తూటాలు పేర్చే పెట్టె ఉండవలసిన చోట చెక్కముక్క బిగించేవారు కనుక ఒక్కో తూటాను చేత్తో పెట్టి కాల్చవలసిందే. బయటికి త్రీ నాట్ త్రీలాగే కనిపించే ఈ ‘మస్కెట్’ ఠాణా కాపలాకు చాలేది కానీ పెద్దపులి ముందు నిలబడడానికి నమ్మదగినది కాదు.

వేటగాళ్లకు దొరికిన రెండవ అడ్డదారి .315. ఇది ఆస్ట్రియా-హంగరీ సైన్యం 1890లో చేపట్టిన మాన్‌లిషర్ తూటా. బ్రిటిష్ సైనిక తూటా కాదు కనుక నిషేధానికి చిక్కలేదు. బ్రిటిష్ తుపాకీ తయారీదారు బి.ఎస్.ఏ. సంస్థా, తరువాత ఇషాపూర్ ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికే, అంటే వెనక్కి లాగి ముందుకు తోసే అదే బోల్టుకు, ఈ బోరు గొట్టాన్ని అమర్చి వేట రైఫిల్‌గా అమ్మాయి. అలా సైనిక తుపాకీ ఒళ్లు, పరాయి సైన్యపు తూటా కలిసి భారతీయ వేటగాడి రైఫిల్ తయారైంది.

నిషేధం ఒక్కటే అడ్డంకి కాదు. సైనిక గుండుకు పూర్తిగా గట్టి లోహపు తొడుగు ఉంటుంది. అది శరీరంలోకి సన్నని రంధ్రం చేసుకొని దూసుకుపోతుంది తప్ప విచ్చుకోదు. వేట గుండుకు ముక్కు దగ్గర సీసం బయటికి ఉండడం వల్ల తగలగానే పుట్టగొడుగులా విచ్చుకొని జంతువును అక్కడికక్కడే కూలుస్తుంది. కలకత్తా పక్కన డమ్ డమ్ ఆయుధశాలలో 1890లలో సైన్యానికే ఇలాంటి గుండు తయారుచేయగా, 1899 హేగ్ ప్రకటన దాన్ని యుద్ధంలో నిషేధించింది. మనిషిపై క్రూరమని తేలిన గుండే అడవిలో జంతువుకు బాధ తగ్గించేది కావడం ఈ చరిత్రలోని విడ్డూరం.

ఈ నేపథ్యంలో బెంగళూరు వేట రచయిత కెన్నెత్ ఆండర్సన్ తుపాకీని దగ్గరగా చూడవలసి ఉంది. 1910 మార్చి 8న సికింద్రాబాద్ దగ్గరి బొల్లారం కంటోన్మెంటులో పుట్టి, బెంగళూరులో బిషప్ కాటన్ పాఠశాలలో చదివి, అక్కడి విమాన కర్మాగారంలో పనిచేసిన ఆయన వాడినది .405 బోరు వించెస్టర్ మోడల్ 1895. అంతకుముందు ఇటువంటి, కింది మీటను ఆడించి తూటా ఎక్కించే తుపాకుల్లో తూటాలు గొట్టం కింద మరో గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి ఉండేవి. మొనదేలిన సైనిక తూటా ముక్కు ముందరి తూటా అడుగున పొడుచుకొని పేలే ప్రమాదం ఉండేది కనుక, దీని రూపకర్త జాన్ బ్రౌనింగ్ నిలువుపెట్టె అమర్చాడు. ఆ పెట్టె వల్లే మొదటి ప్రపంచయుద్ధంలో రష్యా సైన్యం ఇదే మోడల్‌ను తన సొంత తూటాకు సరిపడేలా దాదాపు 3 లక్షలు తెప్పించుకోగలిగింది. ఒకే నమూనా తుపాకీ తూర్పు ఐరోపా కందకాల్లో సైనికుడి భుజాన, చిత్తూరు కొండల్లో వేటగాడి భుజాన వేలాడింది. రెండింటికీ ప్రధాన తేడా గొట్టం, తూటాల్లోనే. ఆండర్సన్ తూటా గుండు సుమారు 19 గ్రాములు, త్రీ నాట్ త్రీ గుండు 11 గ్రాముల పైచిలుకు.

ఆండర్సన్ కథల్లో తెలుగు నేల తరచుగా కనిపిస్తుంది. 1954 నాటి తొలి పుస్తకంలోనే నేటి శేషాచలం అడవుల్లోని చామల లోయ పెద్దపులి కథ ఉంది. మనుషులను తినే పులి ఎలా తయారవుతుందన్న ప్రశ్నకు ఆయనా, కుమావూఁలో వేటగాడు, రచయిత జిమ్ కార్బెట్‌ కూడా ఇచ్చిన ప్రధాన సమాధానాల్లో ఒకటి తుపాకీ గాయం. పంట కాపలాకు లైసెన్సుతోనో లేకుండానో రైతు దగ్గర ఉండే నాటు తుపాకీలో మూతి వైపు నుంచి మందూ ఇనుప రవ్వలూ కూరి కాలుస్తారు. అది పందిని చెదరగొడుతుంది కానీ పులిని కుంటిదాన్ని చేసి వదిలేస్తుంది. పరుగెత్తే కణితిని పట్టలేని ఆ పులి పశువుల మందవైపు, చివరికి మనిషివైపు తిరుగుతుంది. జనం చేతికి మంచి తుపాకీ రాకుండా చూసిన విధానానికి అడవి చెల్లించిన మూల్యం ఇది. ఆ విధానానికి ఉన్న ఒక్క పెద్ద మినహాయింపు పొరుగున కొడగులో ఉంది: బ్రిటిష్ వారికి నమ్మకస్థులైన కొడవలకు ఆయుధాల లైసెన్సు నుంచి నాడు దక్కిన వెసులుబాటును 2019లో కేంద్రం మరో పదేళ్లు పొడిగించింది.

స్వతంత్ర భారతం ఈ ఏర్పాటును దాదాపు యథాతథంగా స్వీకరించింది. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనలు సైన్యపు .303, 7.62 మి.మీ. తూటా పట్టే రైఫిళ్లను నిషేధిత వర్గంలోనే ఉంచాయి. 1907 నాటి తర్కమే మరో భాషలో కొనసాగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పెద్దపులి వేటకే తెరదించగా, మరుసటి ఏడు ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది, 1974 ఆగస్టులో ఆండర్సన్ కన్నుమూశాడు. చామల లోయ ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో భాగం. వేట పోయినా ఆ అడ్డదారిలో పుట్టిన తుపాకీ మాత్రం పోలేదు: 1918లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కూలిపోయింది కానీ, ఏ భారత సైన్యమూ వాడనందువల్లే దాని తూటా బతికిపోయి, నేటికీ లైసెన్సు పొందిన భారతీయుడి .315 రైఫిల్లో పడుతూనే ఉంది.