నవాబు పటం - నెల్లూరు రైతు

లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియంలో ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా నిలువెత్తు తైలవర్ణచిత్రం ఉంది. తెల్లని దుస్తులు, మెడలో ముత్యాలు, చేత కత్తి. చిత్రించినవాడు 1769లో మద్రాసు చేరిన ఆంగ్లేయుడు టిల్లీ కెటిల్. 1774లో వచ్చిన జార్జి విలిసన్ కూడా ఈ నవాబును పలుమార్లు చిత్రించాడు. ఈ రాజఠీవికి మూల్యం చెల్లించినవారెవరు?

నెల్లూరు సీమ ఆనాడు నవాబు ఏలుబడిలోనిదే. 1757లో అక్కడ అతని సోదరుడు నజీబుల్లా తిరగబడ్డాడు. కర్నల్ ఫోర్డు కంపెనీ సేనతో వెళ్లి కోటను ముట్టడించి విఫలుడయ్యాడు. నవాబు గద్దె నిలిచింది ఈ కంపెనీ సేన అండతోనే. సేన ఖర్చు మాత్రం నవాబు భరించాలి. అందుకు కంపెనీ ఉద్యోగులే అతనికి సొంతాన అప్పులిచ్చారు. కొన్నింటిపై వడ్డీ నూటికి 20కి పైమాటే. అప్పుకు హామీ జిల్లాల రాబడి. ఇజారాదారు వసూలు చేసిన శిస్తు నవాబు ఖజానా మీదుగా తెల్లదొరల జేబుల్లోకి పోయేది. పెన్న ఒడ్డున వరి పండించిన రైతు ఎన్నడూ చేయని అప్పు తీర్చవలసివచ్చింది.

1781లో నవాబు కర్ణాటక రాబడిని కొంతకాలానికి కంపెనీకి అప్పగించాడు. 1785లో ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో ఈ అప్పుల బాగోతాన్ని ఎండగట్టాడు. నవాబు 1795లో మరణించాడు. 1801లో నెల్లూరుతో సహా కర్ణాటకమంతా కంపెనీ పరమైంది. తర్వాత విచారణ జరిపితే, సుమారు 3 కోట్ల పౌన్ల బాకీలలో నికరమని తేలినవి పదోవంతుకన్న తక్కువ!

స్పానిష్ ఇంప్రెషనిస్టు హ్వాకిన్ సొరోల్యా 1907లో తన రాజు పదమూడవ అల్ఫాన్సోను సైనిక దుస్తుల్లో, తోట ఎండలో చిత్రించాడు. అయితే అంతకుముందే, 1894లో, పడవ అడుగున గాయపడి పడివున్న పడుచు జాలరినీ, అతనికి ఉపచారం చేస్తున్న ఇద్దరు ముసలి జాలరులనూ చిత్రించి, చేపలు ప్రియమని ఇంకా అంటారే అని దానికి పేరుపెట్టాడు. ఆ రెండు చిత్రాలనూ పక్కపక్కన ఉంచి చూస్తే స్పెయిన్ సమాజం కొంత అర్థమవుతుంది.

మన తీరానికి కెటిల్ పటం ఒక్కటే ఒక పక్క మిగిలింది. రెండో పక్క శిస్తు లెక్కల్లో, అప్పుపత్రాల్లో ఉంది. చరిత్ర విద్యార్థి ఆ కాగితాలను పటం పక్కన పరచి చదవాలి. అప్పుడు ఆ ముత్యాలు ఎవరి చెమటతో కొన్నవో తెలుస్తుంది.