రాత్రివేళ వెనుకకు నడిచే బండికి వెలుగు

పల్లెలో బండిని వెనుకకు నడిపే పని చీకటిలోనే ఎక్కువగా పడుతుంది. హోసూరు పరిసరాలలో తెల్లవారకముందే కూరగాయలు ఎత్తుకొనే పిక్‌అప్ అయినా, సిరుగుప్ప వైపు కోతల కాలంలో పొద్దుపోయి కల్లానికి చేరే ట్రాక్టరు అయినా ఇరుకు సందులో వెనుకకు రావలసిందే. వాకిట మంచం వేసుకొని నిద్రించే ముసలివారు, కట్టు తెంచుకొన్న దూడ, బండి చప్పుడు విని పరుగెత్తివచ్చే పసివాడు అద్దంలో కనబడకపోవడమే ఇక్కడి ప్రమాదం.

కంపెనీ అమర్చే రివర్స్ లైటులో సాధారణంగా 21 వాట్ల బల్బు ఉంటుంది. దాని వెలుగు సుమారు 460 ల్యూమెన్లు. బండి వెనుకకు వస్తున్నదని ఇతరులకు తెలిపేందుకు అది చాలును గాని, వీధిదీపం లేని చోట గుంతలను, గట్లను చూపడానికి చాలదు.

అయినను కొత్త లైటు కొనడానికి ముందు పాతదానిని పరీక్షించుట మేలు. చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఇంజను ఆపి, తాళం తిప్పి ఉంచి, రివర్స్ గేరు వేయాలి. అప్పుడు బల్బు హోల్డరు వద్ద మల్టీమీటరుతో వోల్టేజి చూడాలి. బ్యాటరీ వద్ద 12.6 వోల్టులుండి హోల్డరు వద్ద 10.5 మాత్రమే వస్తే, వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. పోయినది ఆరవ వంతు వోల్టేజియే, కాని ఫిలమెంటు బల్బు స్వభావం అటువంటిది. దీనికి కారణం తరచుగా తుప్పుపట్టిన ఎర్తింగే. యానాం వంటి ఉప్పుగాలి ప్రాంతాలలో ఇది మరీ ఎక్కువ. ఆ చోటును గీకి, బోల్టు బిగించి, గ్రీజు రాస్తే ఖర్చు లేకుండానే సగం పని పూర్తవుతుంది. పసుపుబారిన లైటు అద్దాన్ని మార్చడం గాని, పాలిష్ పెట్టించడం గాని చేయాలి.

అదీ చాలనప్పుడు వెడల్పుగా వెలుగు పరిచే 18 వాట్ల ఎల్.ఇ.డి. లైట్లు రెండు అమర్చుకోవచ్చును. రెండింటికి కలిపి 3 ఆంపియర్లే పడుతుంది. ఈ భారాన్ని గేరుబాక్సు మీది చిన్న స్విచ్చిపై మోపరాదు, రిలే పెట్టించాలి. రిలే 30వ కాలుకు బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా వచ్చే వైరు, 87కు కొత్త లైట్లు, 86కు పాత రివర్స్ లైటు వైరు, 85కు ఎర్తింగు కలపాలి. ఫ్యూజు 5 ఆంపియర్లది, బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. కొందరు మెకానిక్కులు ఫ్యూజును అనవసరమని వదిలివేస్తారు. ఛాసిస్‌కు రాసుకొని తొడుగు పోయిన వైరు మంటకు దారితీస్తుందని వారికి చెప్పక తప్పదు. 24 వోల్టుల లారీలకు లైటు, రిలే రెండూ ఆ వోల్టేజికి తగినవే కావాలి.

లైట్లను తొట్టి కింద బిగించి, బండి వెనుక మూడు నుండి అయిదు మీటర్ల నేల కనబడేటట్లు కిందికి వంచాలి. గేరు పడినప్పుడే వెలగాలి. కొందరు వేరే స్విచ్చి పెట్టించుకొని రోడ్డుమీద కూడా వెలిగించుకొని పోతుంటారు. వెనుక తెల్లని దీపం చూసిన మోటారుసైకిలువాడు ఎదురుగా వాహనం వస్తున్నదని భ్రమపడతాడు. ఆ పని ఎన్నటికీ కూడదు.

ట్రాక్టరు సంగతి వేరు. మడ్‌గార్డు మీది పనిదీపం ట్రాలీ తగిలించగానే దాని వెనుకే ఆగిపోతుంది. కనుక దీపం ట్రాలీ వెనుక అంచున ఉండాలి. దాని వైరు విడదీసే సాకెట్టు ద్వారా రావాలి.

వెనుక అడ్డంకిని పసిగట్టి హెచ్చరించే సెన్సార్లు 2019 జూలై 1 నుండి తయారైన కార్లకు తప్పనిసరి అయ్యాయి. ఆ నిబంధన అంతకుముందరి పాత కార్లకు వర్తించదు. ఎంత వెలుగున్నా తొట్టికి సరిగ్గా వెనుకనున్న చోటు అద్దాలకు అందదు. తోడుగా దిగినవారు డ్రైవరు వైపు అద్దంలో కనబడే చోట, పక్కకు నిలబడి చేయి చూపాలి. వారు కనబడకుండా పోయిన మరుక్షణమే బండి ఆపివేయాలి.