వంజంగి మబ్బుల మీదుగా

పాడేరు దగ్గర వంజంగి కొండెక్కితే తెల్లవారుజామున మబ్బులు కాళ్ల కింద పాలు పొంగినట్టు పరుచుకుని ఉంటాయి. ఆ పొగమంచు ఎందుకు కమ్ముతుందో, ఎప్పుడు విడుతుందో పైలట్ కాబోయేవాళ్లు వాతావరణశాస్త్రం పేపర్లో నేర్చుకుని తీరాలి.

తెలుగునేల మీద విమానాల పాత చిరునామా హైదరాబాద్ బేగంపేట. 1945లో నిజాం రైల్వే, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచే డకోటా విమానాలు నడిపింది. అలహాబాద్‌లో శిక్షణ పొంది 1947లో పైలట్ లైసెన్సు అందుకున్న ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది విమాన సంస్థలు ఆడపిల్ల అని వద్దన్నాయి. ఉద్యోగమిచ్చింది డెక్కన్ ఎయిర్‌వేసే. అది హైదరాబాద్‌కు గర్వకారణం. అయితే కో-పైలట్ సీటు దాటి కమాండ్ మాత్రం ఇవ్వలేదు, ఆ మాటా దాచకూడదు. 1949లో ఆమె నేషనల్ ఎయిర్ రేస్ గెలిచింది.

ఇప్పుడు కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్, 18 ఏళ్ల వయసు, క్లాస్ 1 మెడికల్, రాతపరీక్షలు, 200 గంటల ఫ్లయింగ్ ఉండాలి. ప్రతి గంటా లాగ్‌బుక్‌కెక్కాలి: తేదీ, విమానం నంబరు, ఎక్కిన చోటు, దిగిన చోటు. ఒక్కో గంటకూ వేలల్లో ఖర్చు. కొండ కుటుంబాలకు అసలు అడ్డుగోడ అదే.

దాన్ని దాటినవాళ్లు లేకపోలేదు. సీలేరు నది అవతల, ఒడిశాలోని మల్కన్‌గిరిలో పోలీసు హవల్దారు కూతురు అనుప్రియా లక్రా 2012లో ఇంజనీరింగ్ మధ్యలో మానేసి భువనేశ్వర్‌లోని ఏవియేషన్ అకాడమీలో చేరింది. తండ్రి అప్పులు చేశాడు. 2019లో ఆమెకు కో-పైలట్ ఉద్యోగం వచ్చింది.