అండమాన్‌లో బల్ల లెక్క

1858లో పోర్ట్ బ్లెయిర్‌కు దించిన ఖైదీలను చలిజ్వరం వదల్లేదు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి మేయో హారియట్ కొండెక్కింది రోగులకు అది అనువైన చోటేనా అని చూడటానికే. దిగగానే షేర్ అలీ అనే ఖైదీ కత్తికి బలయ్యాడు.

మలేరియా తిరగబెడుతుంటే ప్లీహం ఉబ్బి బల్ల కడుతుంది. పిల్లల ఎడమ డొక్క కింద వేళ్లు ఆనించి, గట్టిగా తగిలినవాళ్లను లెక్కేసి, ఊళ్లో జ్వరం ఎంతుందో తేల్చేవారు. ఖర్చులేని పరీక్ష! అండమాన్ మలేరియాపై క్రిస్టఫర్స్ 1912 నివేదిక ఉప్పు బురదనేలల్లో పెరిగే అనాఫిలిస్ దోమను పట్టిచ్చింది.

ప్లీహంలోనే పుట్టే లింఫోమా అనే క్యాన్సర్ తగిలినా ఆ వేళ్లకు తేడా తెలిసేది కాదు. ఇప్పుడు ఫ్లో సైటోమెట్రీ, మూలుగ పరీక్ష ఆ చిక్కు విప్పుతున్నాయి. నెమ్మదిగా పెరిగే రకమైతే, ఇబ్బంది లేనంతకాలం గమనిస్తారంతే. ముదిరితే రిటుక్సిమాబ్ ఎక్కిస్తారు. ఒకప్పుడు ప్లీహాన్నే కోసి తీసేవారు.