315 బోర్ మనకెలా వచ్చింది?

కొత్త రైఫిల్ కొనేవాళ్లు ముందు అడిగేది ఏ బోర్ తీసుకోవాలని. ఏ జంతువు, ఎంత దూరం, భుజం ఎంత దెబ్బ తట్టుకుంటుంది, ఇవే కదా లెక్కలు? మన దేశంలో మాత్రం ఆ లెక్క ముందుగా వేసింది వేటగాడు కాదండీ, సర్కారు.

బ్రిటిష్ కాలంలో ఏనుగు, పులి వేటకి .450 తూటాకి మంచి పేరు. అయితే మార్టినీ-హెన్రీ సైనిక తుపాకులదీ అదే కొలత. వేట తూటాలు తిరుగుబాటుదారుల చేతికి పోతాయని భయపడి, 1907 ప్రాంతంలో దాని దిగుమతి ఆపేశారు. ఇంగ్లండ్ తుపాకీ కంపెనీలు ఊరుకుంటాయా? .470 లాంటి కొత్త కొలతలు తెచ్చాయి. జంతువు అదే, మారింది చట్టమే.

సైన్యం వాడే .303 కూడా మామూలు జనానికి అందకుండా పెట్టారు. ఆ ఖాళీలోకి వచ్చిందే .315. ఇది ఒకప్పటి ఆస్ట్రియా సైన్యపు తూటా. స్వాతంత్ర్యం తర్వాత మన ఇషాపూర్ ఫ్యాక్టరీ కూడా ఇదే బోర్‌లో రైఫిళ్లు చేసింది.

1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేటకి దాదాపు తలుపులు మూతపడ్డాయి. అయినా లైసెన్సు రైఫిల్ అనగానే ఇప్పటికీ చాలామంది నోట వచ్చే మాట 315 బోరే. అప్పటి పాలకుల భయం ఇంకా మన లైసెన్సు కాగితాల మీద ఉందన్నమాట.