న్యూడెమోక్రసీ: ఇల్లెందు అడవి అంచున ఒక చిన్న పార్టీ

ఖమ్మం, భద్రాచలం మధ్య అడవుల్లో పెరిగిన పార్టీ సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ. 1968లో సీపీఎం నుంచి బయటికొచ్చిన తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావులతో ఈ దారి మొదలైంది. ముగ్గురూ ఎక్కువకాలం కలిసి లేరు. గోదావరి లోయలో పనిచేసిన పుల్లారెడ్డి వర్గం 1984లో చీలింది, ఆయన చనిపోయిందీ ఆ ఏడే. న్యూడెమోక్రసీ ఆ వరసలోంచే వచ్చింది.

మావోయిస్టుల్లాగా వీళ్లు ఎన్నికల్ని బహిష్కరించలేదు. అడవిలో దళాలుండేవి, ఊళ్లో ఓట్లకూ నిలబడేవాళ్లు. ఈ వరస నాయకుడు గుమ్మడి నర్సయ్య 1983, 1985, 1989, 1999, 2004లో ఇల్లెందు ఎమ్మెల్యే. ఎమ్మెల్యే అయ్యాక కూడా సైకిల్ వదలని మనిషిగా పేరు.

అసలు బలం మాత్రం పోడు భూములు, తునికాకు రేటు. 50 ఆకుల కట్టకు ఎంతిస్తారని వేసవిలో కాంట్రాక్టర్లతో పంచాయితీ. నిజామాబాద్, కరీంనగర్ వైపు మన ఆడవాళ్లు బీడీలు చుట్టేది కూడా తునికాకుతోనే. ఆ ఆకు కోసే కోయ కూలీల మాట మాత్రం మన ఇళ్లలో తక్కువ వినిపిస్తుంది.

2013లో పార్టీ మళ్లీ చీలింది. తర్వాత ఒక వర్గం ప్రజాపంథాగా నడిచి, 2024 మార్చిలో ఖమ్మంలో మరో రెండు పార్టీలతో కలిసి మాస్‌లైన్ అయింది. పాత పేరుతో ఉన్నవాళ్లూ ఉన్నారు.