యుద్ధకాలపు వర్తకుల బిళ్ళలు

చిల్లర లేనపుడు దుకాణదారు పైసలకు బదులు పిప్పరమెంటు బిళ్ళ చేతిలో పెట్టుట మనకు అనుభవమే. దేశమంతటను చిల్లర మాయమైనచో జనులేమి చేయుదురు? అంతర్యుద్ధ కాలమున (1861–1865) అమెరికా ప్రజలకు ఈ చిక్కే వచ్చినది.

1861 డిసెంబరు చివర అచ్చటి బ్యాంకులు నోట్లకు మారుగా బంగారు, వెండి నాణెములిచ్చుట మానివేసినవి. 1862లో ప్రభుత్వము, లోహముగా మార్చి ఇత్తుమను హామీ లేని కాగితపు నోట్లను విడుదల చేసెను. ప్రజలు నోట్లను ఖర్చు చేసి నాణెములను దాచుకొనిరి. చవక డబ్బు చేతులు మారుచుండ, మంచి డబ్బు పెట్టె చేరును. దీనినే గ్రెషామ్ సూత్రమందురు. మొదట వెండి, తరువాత సెంటు నాణెములు కూడ కనుమరుగైనవి.

కొందరు తపాలా బిళ్ళలనే చిల్లరగా వాడిరి. కాని జిగురు చేతికంటుకొని అవి పాడైపోయెడివి. 1862 ఆగస్టులో జాన్ గాల్ట్ అనునతడు తపాలా బిళ్ళను ఇత్తడి చట్రములోనుంచి, పైన అభ్రకపు రేకు అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. అభ్రకము పలుచని పొరలుగా చీలును. దానిగుండ బిళ్ళ విలువ కనబడును.

పిమ్మట వర్తకులే సెంటు పరిమాణమున రాగి, ఇత్తడి బిళ్ళలు కొట్టించిరి. వీటి సంఖ్య సుమారు రెండున్నర కోట్లని అంచనా. కొన్నిటిపై “ఒక సెంటు” అని పెద్దగాను, “కాదు” అని చిన్నగాను ఉండెడిది! న్యూయార్కులో లిండెన్‌ముల్లర్ అను బీరు దుకాణదారు పది లక్షలకు పైగా బిళ్ళలు వదలెనట. ట్రాము కంపెనీ ఒకటి తనకు చేరిన బిళ్ళలకు డబ్బు అడుగగా, ఆయన ఇవ్వననెనట. కంపెనీ చేయగలిగినది లేకపోయినది.

తేలిక బిళ్ళలను కూడ ప్రజలు స్వీకరించుట టంకశాల అధికారులు గమనించిరి. 12 శాతము నికెలు గల పాత సెంటు 4.67 గ్రాములుండెడిది. 1864 ఏప్రిలు చట్టముతో 95 శాతము రాగి గల 3.11 గ్రాముల కంచు సెంటు వచ్చినది. లోహము ఖరీదు నాణెము విలువకంటె తక్కువగుటచే దాచుటవలన లాభము లేకపోయెను. ఆ ఏడు జూన్ నాటి చట్టముతో ప్రైవేటు నాణెములన్నియు నిషేధింపబడినవి.

కనుక నాణెమునకు విలువనిచ్చునది లోహము మాత్రమే కాదు. దానిని తిరిగి పుచ్చుకొందుమను మాట. సందేహమున్నచో, ఆ పిప్పరమెంటు బిళ్ళను అదే దుకాణదారునకు తిరిగి ఇచ్చి చూడుడు!